ప్లేగు గీసిన సరిహద్దులు

దేశభద్రత అనగానే మనకు సైన్యం, సరిహద్దులు, ఆయుధాలు గుర్తుకు వస్తాయి. చరిత్ర పాఠాలలో కూడా యుద్ధాల తేదీలే ఎక్కువ. కాని గత నూట ముప్పై ఏళ్ల చరిత్రను కాస్త నిదానంగా చదివితే, కంటికి కనిపించని క్రిములు రాజ్యాల బలాబలాలను తారుమారు చేసిన సందర్భాలు చాలా కనిపిస్తాయి. 2020లో కరోనా వచ్చి మనలను ఇళ్లలో కూర్చోబెట్టినప్పుడు "ఇలాంటిది ఎన్నడూ ఎరుగం" అని అందరం అనుకున్నాం. మన తాతల తరం ఎరుగును. వారు చూసిన ప్లేగు గురించి, అది మన దేశాన్నీ, చైనానూ పాలించిన ప్రభుత్వాలకు పెట్టిన పరీక్ష గురించి నాలుగు మాటలు సభ్యులతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఓడలెక్కి వచ్చిన వ్యాధి

1894లో ప్లేగు దక్షిణ చైనాలోని కాంటన్, హాంకాంగ్ నగరాలను పట్టుకుంది. ఫ్రాన్సు తరఫున యెర్సిన్, జపాను తరఫున కిటసాటో అనే శాస్త్రజ్ఞులు హాంకాంగ్ వెళ్లి ఆ క్రిమిని వెదికారు. రెండేళ్లు తిరగకుండానే, 1896 సెప్టెంబరులో, బొంబాయి రేవు పక్కన ధాన్యపు గిడ్డంగులతో నిండిన మాండ్వీలో ప్లేగు బయటపడింది. జనం భయపడి వేల సంఖ్యలో నగరం విడిచిపోయారు. వారితో పాటు వ్యాధి కూడా ఊళ్లు చేరింది.

ఇంగ్లీషు ప్రభుత్వానికి జనం ప్రాణాలతో పాటు మరొక బెంగ పట్టుకుంది. 1869లో సూయజ్ కాలువ తెరచిన తరువాత బొంబాయికీ, ఐరోపాకూ దూరం బాగా తగ్గింది. ఇండియా నుండి వచ్చే ఓడలను, సరుకులను రానివ్వబోమని ఐరోపా దేశాలు అంటే పత్తి, గోధుమ, తోళ్ల వ్యాపారం నిలిచిపోతుంది. 1897 ఫిబ్రవరి, మార్చి నెలలలో వెనిస్ నగరంలో ప్లేగు మీద అంతర్జాతీయ సభ జరిగింది. ఆ సభ కూర్చునే లోపే, ఫిబ్రవరి 4న, కలకత్తాలో ఎపిడమిక్ డిసీజెస్ చట్టం ఆమోదం పొందింది. అందులో నాలుగే సెక్షన్లు. ఓడలను ఆపడానికి, ప్రయాణికులను తనిఖీ చేయడానికి, ఇళ్లలో చొరబడడానికి, మాట విననివారిని శిక్షించడానికి అది అధికారం ఇచ్చింది. ఆ ఏడాది మన రేవుల నుండి హజ్ యాత్రను కూడా ఆపివేశారు.

పూనాలో సైనికులు

చట్టాన్ని అమలు చేసిన తీరు పూనాలో వికటించింది. ప్లేగు కమిటీ అధ్యక్షుడు వాల్టర్ రాండ్ ఇంటింటి సోదాలకు సైనికులను పంపాడు. వారు వంటగదులలోకి, దేవుని గదులలోకి వెళ్లారు. రోగులను ఆసుపత్రులకు, ఇంటివారిని శిబిరాలకు తరలించారు. సామాన్లు తగులబెట్టారు. ఘోషా పాటించే స్త్రీలను పరపురుషులు పరీక్షించడం జనానికి భరింపరానిదయింది. 1897 జూన్ 22న, విక్టోరియా రాణి వజ్రోత్సవం నాటి రాత్రి, చాపేకర్ సోదరులు రాండ్‌ను కాల్చారు. లెఫ్టినెంట్ అయర్స్ట్ కూడా ఆ రాత్రే హతుడయ్యాడు. కేసరి పత్రికలో వచ్చిన రాతలకు గాను తిలక్‌కు రాజద్రోహ నేరం కింద పద్దెనిమిది నెలల శిక్ష పడింది. అఖిల భారతానికి ఆయన పేరు తెలిసినది ఆ కేసుతోనే.

ఆ తరువాత 1898లో బొంబాయిలోను, 1900లో కాన్పూరులోను అల్లర్లు జరిగాయి. దానితో దొరతనం వారు బలవంతపు సోదాలు తగ్గించి, ఊరి పెద్దల సహాయం కోరడం మొదలుపెట్టారు. అదే సమయంలో బొంబాయిలో హాఫ్‌కిన్ ప్లేగు టీకా తయారుచేసి, 1897 జనవరిలో ముందుగా తన ఒంటి మీదనే పరీక్షించుకున్నాడు. ఎలుకల మీది గోమార్ల ద్వారా వ్యాధి వస్తుందని 1898లో కరాచీలో సైమండ్ కనిపెట్టాడు. అయినా ఆ ప్లేగు కొన్ని దశాబ్దాల పాటు సాగి మన దేశంలో సుమారు కోటీ ఇరవై లక్షల మందిని బలిగొంది. హైదరాబాదు పాతకాపులు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని ఇప్పటికీ "కోరంటి దవాఖానా" అంటారు. క్వారంటైన్ అనే మాటే మన నోట అలా మారింది.

మంచూరియాలో ఒక వైద్యుడు

ఇదే ప్లేగు ఊపిరితిత్తులకు సోకే రూపంలో 1910 చివరలో చైనా ఉత్తరాన మంచూరియాలో లేచింది. ఇక్కడి కథ మరింత ఆలోచింపజేసేది. అప్పటికి చైనా చక్రవర్తుల పాలన చివరి దశలో ఉంది. మంచూరియా పేరుకు చైనాది. ఉత్తరాన రైలుమార్గం రష్యాది, దక్షిణాన రైలుమార్గం జపానుది. ఆ రెండు దేశాలూ 1904-05లో అక్కడే యుద్ధం చేసుకున్నాయి. 1910 ఆగస్టులో జపాను కొరియాను కలుపుకొంది. ప్లేగును ఆపడం చైనాకు చేతకాదని తేలితే, ఆపే పేరుతో రష్యా, జపానులలో ఎవరో ఒకరు లోపలికి వస్తారన్నది పీకింగ్ పెద్దల భయం.

వారు పంపిన మనిషి వు లియెన్‌-టె. పెనాంగ్‌లో పుట్టి కేంబ్రిడ్జిలో వైద్యం చదివిన ఆయనకు అప్పుడు ముప్పై ఒక్క ఏళ్లు. 1910 డిసెంబరులో హార్బిన్ చేరాడు. ఇది మనిషి నుండి మనిషికి గాలి ద్వారా సోకుతున్నదని గ్రహించి, గాజుగుడ్డ, దూది కలిపి ముఖానికి కట్టుకునే మాస్కులు చేయించాడు. మెస్నీ అనే ఫ్రెంచి వైద్యుడు ఆ మాట నమ్మక, మాస్కు లేకుండా రోగులను చూసి, కొద్దిరోజులలోనే ప్లేగుతో మరణించాడు. వు రాకపోకలు కట్టడి చేయించాడు. రైలు పెట్టెలను రోగుల సంబంధీకులను వేరుగా ఉంచే గదులుగా వాడాడు. నేల గడ్డకట్టి పూడ్చడానికి వీలులేక రెండు వేలకు పైగా శవాలు ఆరుబయట పడి ఉన్నాయి. శవదహనం అక్కడి వారికి మహాపాపం. అందుకని చక్రవర్తి ఆజ్ఞ తెప్పించి, 1911 జనవరి చివర దహనం చేయించాడు. మార్చి వచ్చేసరికి హార్బిన్‌లో ప్లేగు ఆగింది. మొత్తం మృతులు సుమారు అరవై వేలు.

ఏప్రిల్‌లో ముక్డెన్ నగరంలో పదకొండు దేశాల వైద్యుల సభ జరిగింది. రష్యా, జపాను ప్రతినిధులు కూర్చోగా అధ్యక్ష పీఠం మీద వు కూర్చున్నాడు. హాంకాంగ్‌లో క్రిమిని వెదికిన కిటసాటో జపాను తరఫున వచ్చాడు. మరుసటి ఏడు చైనాలో చక్రవర్తి పదవే పోయింది. కాని 1912లో ఏర్పడిన ఉత్తర మంచూరియా ప్లేగు నివారణ శాఖ నిలిచింది. 1920-21లో ప్లేగు మళ్లీ వచ్చినప్పుడు మృతుల సంఖ్య పదివేల లోపే ఆగింది.

1931లో జపాను సైన్యం మంచూరియాను ఆక్రమించింది. అదే హార్బిన్ శివార్లలో 731వ దళం ప్లేగు క్రిములను ఆయుధంగా పెంచింది. 1940లో నింగ్‌బో నగరం మీద ప్లేగు గోమార్లను విమానం నుండి చల్లింది. క్రిమి ఆయుధాల వాడుకను 1925 నాటి జెనీవా ఒప్పందం నిషేధించినా ఇది జరిగింది. వాటి తయారీని, నిలువను కూడా నిషేధించే ఒడంబడిక 1972లో గాని రాలేదు.

మన కాలానికి వస్తే

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు పుకారు లేచినప్పుడు మనం ముక్కుకు రుమాళ్లు కట్టుకున్నాం. మందుల షాపులలో టెట్రాసైక్లిన్ దొరకలేదు. మృతులు యాభై పైచిలుకు. కాని గల్ఫు దేశాలు మన విమానాలను ఆపివేశాయి, మన సరుకులను తిరస్కరించాయి. వెనిస్ సభ నాటి భయం మళ్లీ నిజమైంది. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలను తిరగరాయాలని 1995లో నిర్ణయం జరిగింది, కొత్తవి 2005లో వచ్చాయి.

2020లో కరోనా వచ్చినప్పుడు రాష్ట్రాలు అదే 1897 చట్టాన్ని బయటికి తీశాయి. ఈసారి ఏప్రిల్‌లో దానికి చేర్చినది వైద్య సిబ్బంది మీద దాడి చేసేవారికి శిక్ష. మందుల ముడిసరుకులో అధిక భాగం చైనా నుండే వస్తున్నదని అప్పుడే అందరికీ తెలిసివచ్చింది. ముడి మందులను ఇక్కడే తయారు చేయించడానికి కేంద్రం 6,940 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. జూన్‌లో గల్వాన్ లోయలో మన సైనికులు 20 మంది అమరులయ్యారు. ఒకే వేసవిలో సరిహద్దూ, మందుల గిడ్డంగీ రెండూ భద్రతా సమస్యలయ్యాయి. 2021 జనవరి నుండి మన దేశం ఇతర దేశాలకు టీకాలు పంపి మన్నన పొందింది. హైదరాబాదు శివార్లలోని జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్ కూడా వాటిలో ఉంది. రెండవ తాకిడి రాగానే ఎగుమతులు ఆగాయి. మనలను నమ్ముకున్న చిన్న దేశాలు ఇతరుల వైపు చూశాయి. ఇంటిలో గాదె నిండుగా ఉంటేనే ఇరుగుపొరుగుకు పెట్టగలమన్న సంగతి విదేశాంగ నీతికి కూడా వర్తిస్తుంది.

పూనానూ, హార్బిన్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఒకటే. రెండు చోట్లా చేసిన పనులు దాదాపు ఒకటే: సోదాలు, వేరుచేయడం, తగులబెట్టడం. పూనాలో వాటిని పరాయి సైనికులు చేశారు, జనం రాజ్యం మీద నమ్మకం పోగొట్టుకున్నారు. హార్బిన్‌లో తమ వైద్యుడు నిలబడి చేయించాడు, బలహీనమైన రాజ్యం కూడా ఆ గండానికి పరాయివారిని గుమ్మం బయట నిలబెట్టగలిగింది. జిల్లా ఆసుపత్రిలో మందు, గ్రామంలో ఆరోగ్య కార్యకర్త, ప్రభుత్వం చెప్పిన లెక్కను నమ్మే ప్రజ, ఈ మూడూ ఉన్న దేశానికి సగం రక్షణ ఉన్నట్లే. మన సంఘ సభ్యులలో ఏ శాఖలో పనిచేసినవారైనా తమ సర్వీసులో ఏదో ఒక కలరా, మశూచి, ఫ్లూ రోజులను చూసే ఉంటారు. ఆ అనుభవాలను మనవలకు చెప్పాలని, వీలైతే కాగితం మీద పెట్టాలని నా మనవి. రాబోయే మహమ్మారి నాటికి అవి వారికి పనికివస్తాయి.