సంఘకాపరుల ఉపకరణ గ్రంథములు: తెలుగు, ఉర్దూ

ప్రతి వృత్తికిని తగిన పనిముట్లు కలవు. క్రైస్తవ సంఘకాపరికి పనిముట్లు ప్రధానముగా గ్రంథములే: బైబిలు, వ్యాకరణ నిఘంటువులు, కీర్తనల పుస్తకము. వీనిని మతగ్రంథములని ప్రక్కకు నెట్టక, భాషాచరిత్రకు సాక్ష్యములుగా పరిశీలింపవలెనని మా తలంపు. వీనిని చేసినవారెవరు? ఎవరి పేర ఇవి వెలసినవి? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసమునకు విషయము.

చార్మినారునొద్ద నిలిచి చూచినచో ఈ చరిత్ర స్పష్టముగా గోచరించును. 1591లో దానిని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీలో కవిత్వము చెప్పెను. ఆతని తండ్రి ఇబ్రహీము తెలుగు కవులను ఆదరించి, మల్కిభరాముడను పేర మన కావ్యములలో కీర్తింపబడెను. ఆ వంశమువారి ఫర్మానాలలో పారసీకముతోపాటు తెలుగును కనబడును. ఇట్టి నగరమున కాపరి ఆదివారము తెలుగున ప్రసంగించినను, బజారున ఇరుగుపొరుగువారితో మాటాడుటకు ఉర్దూ కావలెను. కావున ఆతని బల్లమీది గ్రంథముల చరిత్రయు రెండు పాయలుగా సాగినది.

మొదటి పాయ విశాఖపట్టణమున పుట్టినది. 1805లో లండను మిషనువారైన జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజి అచ్చట స్థిరపడి తెలుగు నేర్చుకొనిరి. ఆనందరాయరను తెలుగు పండితుడు వారికి అనువాదమున తోడ్పడెను. 1809లో క్రాన్, 1810లో డిగ్రాంజి గతించిరి. వారు సిద్ధపరచిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడినవి. ఆ యేడే మార్చి 11వ తేదీన ఆ ముద్రణాలయము అగ్నికి ఆహుతియై, పలుభాషల అచ్చులును వ్రాతప్రతులును నశించినవి. అయినను విలియం కేరీ తెలుగు వ్యాకరణము 1814లోను, శ్రీరామపురపు తెలుగు కొత్త నిబంధన 1818లోను వెలువడినవి.

రెండవ పాయకును శ్రీరామపురమే రేవు. 1806లో కలకత్తా చేరిన హెన్రీ మార్టిన్, మిర్జా ఫిత్రత్ సాహాయ్యమున కొత్త నిబంధనను ఉర్దూలోనికి తెచ్చెను. 1810లో ముగిసిన ఆ అనువాదము 1814లో అచ్చైనది. గ్రీకు మూలమునకు మార్టిన్ పూచీపడగా, ఉర్దూ నుడికారమునకు ఫిత్రత్ పూచీపడెను. మార్టిన్ కడ పనిచేసిన మఱియొకడు అరబ్బు దేశస్థుడైన సబాత్. ఈతడు అంతకుముందు విశాఖపట్టణమున ఇస్లాము ధర్మశాస్త్రమును వివరించు ఉద్యోగమున నుండెను. రెండు పాయలకును ఆ రేవుపట్టణమున ఇట్లు ఒక ముడి పడినది. ఈతడు చేసిన పారసీకానువాదమున అరబ్బీ పదములు దట్టముగా నున్నవని పరీక్షకులు త్రోసివేయగా, మార్టిన్ 1811లో షీరాజునకు పోయి, మిర్జా సయ్యద్ అలీ తోడ్పాటున దానిని మరల చేసెను. పనిముట్టు మంచిచెడ్డలను తేల్చునది చేసినవాని పాండిత్యము కాదు, వినువాని చెవి యని దీనివలన తెలియుచున్నది.

ఇంతకును ఈ గ్రంథములు లోకమున ఎవరి పేర చలామణి యైనవి? డిగ్రాంజి సువార్తలనియు, మార్టిన్ నిబంధన యనియు వాడుక. దొరల శ్రమ అల్పమైనదని మేమనము. జ్వరములకు బలియగుచు వారు చేసిన కృషి గొప్పది. కాని భాష ఎవరిదో వారి పేరు మఱుగున పడుట న్యాయము కాదు.

పురుషోత్తమ చౌదరి (1803–1890) విషయము వేరు. ఆయన కీర్తనలు ఆయన పేరనే నిలిచినవి. చదువురాని సంఘములకు పుస్తకముకంటె పాటయే దగ్గర. కంఠస్థమైన కీర్తనను పుటలు త్రిప్పకయే పాడవచ్చును.

ఈ పాయలు రెండును కడకు హైదరాబాదునే చేరినవి. 1930లో లాహోరున మార్టిన్ పేర స్థాపితమైన విద్యాసంస్థ 1971లో ఈ నగరమునకు వచ్చినది. 1964లో రాజమహేంద్రవరమున ఏర్పడిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల 1973లో వచ్చినది. మార్టిన్ సంస్థ ఆదిలో మహమ్మదీయులకు సువార్త చెప్పువారిని తీర్చుటకు పుట్టినది. కాలక్రమమున దాని చూపు పరమతావగాహనకును, సమాధానమునకును మరలినది. 1990 నాటి అల్లర్ల పిమ్మట ఆ సంస్థ పాతనగరమున సహాయకార్యము చేసినది. వాదమునకై నేర్చిన భాష ఓదార్పునకు అక్కరకు వచ్చినది. పనిముట్టు అదియే, పట్టిన చేయి మారినది.

మన సాహిత్యచరిత్రలలో ఈ గ్రంథములకు దక్కిన చోటు స్వల్పము. పరిశోధక విద్యార్థులు వీని వచనశైలిని సమకాలికుల వచనముతో పోల్చి చూడవలెను. మిషను లేఖలలోను, పీఠికలలోను పండితుల పేర్లను వెదకి వెలికి తీయవలెను. ఆనందరాయరును, ఫిత్రత్‌ను ఒక్క పంక్తిలో నిలిపి చదువుటకు తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి పనిచేయవలసి యుండును. చార్మినారు ఉన్న నగరమున అది అసాధ్యము కారాదు.