పన్ను బకాయిపడిన గృహస్థలములు, పురపాలక స్వాధీనము: నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణముల దృష్ట్యా ఒక పరిశీలనము

1899లో పురపాలక సంఘము ఏర్పడిన నాటినుండి క్రమముగా పెరిగి, 2011 జనగణననాటికి 2 లక్షల జనసంఖ్యకు చేరి, 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన నంద్యాలయందు భూమి వెల పెరిగినకొలది, పాతయూరి సందులలో యజమానులు విడిచిపోయిన యిండ్ల సమస్య జటిలమగుచున్నది. ఈ ప్రాంతపు పాత మిద్దె మట్టిగోడలమీద దూలములు పఱచి, పైన చవుడు పోసి కట్టినది. వానకాలమునకు ముందు ఏటేట చవుడు సరిచేయు మనుష్యుడున్నంతకాలమే యది నిలుచును. కుటుంబము హైదరాబాదునకో బెంగళూరునకో తరలిపోయి తాళము పడినపిమ్మట కొన్ని వానకాలములలోనే పైకప్పు కుంగును, గోడ వీథిలోనికి ఒరగును, పన్ను మాత్రము అర్ధసంవత్సరమున కొకసారి లెక్కలో పెరుగుచునే యుండును. ఇల్లు కూలి ఖాళీ జాగాగా మారినను విముక్తి లేదు. గృహపన్ను స్థానమున ఖాళీ స్థలపు పన్ను వచ్చి చేరును.

ఇట్టి స్థలమును ప్రజాప్రయోజనమునకై పురపాలక సంఘము స్వీకరించుట న్యాయమేనని నేను నమ్ముచున్నాను. కాని రావలసిన బకాయిని, ఖర్చులను మినహాయించుకొనగా మిగిలిన విలువ యజమానికిగాని వారసులకుగాని చేరితీరవలెను. అది లేని స్వాధీనము పన్ను వసూలు కాదు, అపహరణమే. ఈ నియమమునకై మనము పరదేశములను ఆశ్రయింపనక్కరలేదు. మన రెవెన్యూ శాసనమునందే అది నూటయేబది సంవత్సరములకు పైగా నిలిచియున్నది.

1965నాటి ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘముల చట్టము ఆస్తిపన్నును, ప్రభుత్వమునకు రావలసిన భూమిశిస్తు పోగా, ఆ ఆస్తిపై మొదటి హక్కుగల బాధ్యతగా ప్రకటించినది. అయినను ఆ చట్టపు రెండవ అనుబంధమునందలి పన్ను నియమములు ప్రధానముగా జంగమాస్తి జప్తునే ఆశ్రయించినవి: బిల్లు నిచ్చి, గడువు దాటినపిమ్మట ఇంటిలోని సామానును జప్తుచేసి వేలము వేయవచ్చును. కాపురమున్న యింటి విషయమున నిది ఫలించును. కప్పు కూలిన యింటిలో బిల్ కలెక్టరు జప్తు చేయదగిన సామానేమున్నది? ఏ యిల్లు మిక్కిలి శిథిలమైనదో, ఏది పొరుగువారికి మిక్కిలి బాధాకరమో, ఆ యింటివద్దనే యీ సాధనము మిక్కిలి నిరర్థకమగుచున్నది. సివిలు న్యాయస్థానమున దావా వేయు మార్గము కలదు. కాని చిన్న బకాయికై, చనిపోయిన యజమాని పేర నిలిచిపోయిన డోరు నంబరుపై, ఊరూర చెదరిన వారసులను ప్రతివాదులుగా చేర్చి దావా నడుపుటకు ఏ పురపాలక సంఘమును ఉత్సహింపదు. బకాయి మొండిబకాయి యగుటకు మూలమిదియే.

ఇక 1864నాటి మద్రాసు రెండవ చట్టమును, అనగా రెవెన్యూ వసూలు చట్టమును, ఓపికతో చదువవలెను. భూమిశిస్తు బకాయికి స్థిరాస్తిని జప్తుచేసి హర్రాజు వేయు విధానమును అది సవిస్తరముగా నిర్ణయించినది. హర్రాజునకు ముందు ప్రకటన జరుగవలెను. పాట పాడుకొన్నవాడు వెంటనే నూటికి 15 వంతుల సొమ్ము కట్టి, శేషమును 30 దినములలో చెల్లింపవలెను. విక్రయానంతరము సైతము యజమాని 30 దినములలో బకాయిని, పాటదారునకు పరిహారముగా పాటసొమ్ములో నూటికి 5 వంతులను జమచేసినచో ఆ విక్రయమును రద్దు చేయించుకొనవచ్చును. ప్రకటనయందుగాని పాటయందుగాని ముఖ్యమైన అక్రమము జరిగినచో కలెక్టరునకు అర్జీ పెట్టుకొనవచ్చును. వీనిని మించినది 42వ సెక్షను. విక్రయింపబడిన భూమి పూర్వపు తాకట్టులనుండి విముక్తమై కొన్నవానికి సంక్రమించును. బకాయి, వడ్డీ, ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము బకాయిదారునకు ఈయవలెను. పాట పాడువారే లేనప్పుడు సర్కారే నామమాత్రపు మొత్తమునకు భూమిని కొనివేయుట ఆచారము. రెవెన్యూ లెక్కలలో అవి బాట్-ఇన్ భూములుగా నమోదైనవి. ప్రభుత్వమే బకాయి భూమికి యజమాని యగు పద్ధతికి మన ప్రాంతమున నిదియే పూర్వరూపము. అయితే ఆ భూమిని పట్టణ నిర్మాణమునకు వినియోగించు చింత ఆ శాసనమున లేదు. శిస్తు రాబడియే దాని లక్ష్యము.

ఈ సీమలో సర్కారు స్వాధీనమనిన జనులకు కలుగు శంక నిర్హేతుకమైనది కాదు. ఆళ్లగడ్డకు చేరువనున్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కోవెలకుంట్ల ఖజానాపై దాడి చేయుటకు, 1847 ఫిబ్రవరి 22న ఉరికంబమెక్కుటకు దారితీసిన కారణములలో, కట్టుబడి మాన్యములను కంపెనీ ప్రభుత్వము లాగికొనుట ముఖ్యమైనది. పన్ను లెక్కలపై నడచు స్వాధీనమును ఇచ్చటి జనులు నేటికిని కేవలము కాగితపు వ్యవహారముగా చూడకపోవుట నాకు సహజముగానే తోచుచున్నది.

బకాయి స్థలములను పట్టణ నిర్మాణమునకు వినియోగించు పద్ధతికి మాత్రము పరదేశపు ఉదాహరణములను చూడవచ్చును. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరము 1971లో ఒక ప్రత్యేక సంస్థను స్థాపించి, పన్ను వేలములలో అమ్ముడుపోని స్థలములను దానికి అప్పగించినది. మిషిగన్ రాష్ట్రము 1999లో పన్ను బకాయి చట్టమును సవరించి, జెనెసీ కౌంటీవంటిచోట్ల భూనిధుల స్థాపనకు దారి తీసినది. ఆ ప్రయోగములనుండి మనము నేర్వదగినది స్థలములను ఒకే సంస్థ చేతికి తెచ్చి, దస్తావేజులను శుద్ధిచేసి, ప్రణాళిక ప్రకారము వినియోగించుట. నేర్వరానిదియు కలదు. మినసోటాలోని హెన్నెపిన్ కౌంటీ ఒక వృద్ధురాలి ఇంటిని సుమారు 15,000 డాలర్ల బకాయికై 40,000 డాలర్లకు విక్రయించి, మిగులు 25,000 డాలర్లను తానే ఉంచుకొనగా, అది చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 2023లో ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. 1864నాటి మద్రాసు శాసనకర్తలు ఒక్క వాక్యముతో తేల్చిన విషయమది.

మన రాజ్యాంగమున ఆస్తిహక్కు 1978నాటి 44వ సవరణతో ప్రాథమిక హక్కు కాకపోయినను, 300-ఎ అధికరణము చట్టప్రకారము తప్ప ఎవరి ఆస్తిని హరింపరాదని శాసించుచున్నది. కోల్‌కతా నగరపాలక సంస్థ తన చట్టమున లేని అధికారముతో ఒక స్థలమును స్వాధీనపఱచుకొన్నానని వాదింపగా, 2024 మే నెలలో సుప్రీంకోర్టు తిరస్కరించి, నోటీసు, అభ్యంతరములను వినుట, సకారణ నిర్ణయము, ప్రజాప్రయోజనము, న్యాయమైన పరిహారము మున్నగునవి ఆ అధికరణమునందే యిమిడియున్నవని వివరించినది. కావున ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘమునకు పాడుపడిన బకాయిస్థలమును స్వీకరించు అధికారము కావలెనన్నచో, అది స్పష్టమైన శాసనముచేతనే రావలెను. కమిషనరు ఉత్తరువుతో రాదు.

2021-22 నుండి రాష్ట్రమున అద్దె విలువకు బదులు మూలధన విలువపై ఆస్తిపన్ను విధింపబడుచున్నది; వార్షిక పెరుగుదలకు నూటికి 15 పరిమితి యున్నను, నివసింపని యింటి వారసులకు ఆ పన్ను, దానిపై చేరు వడ్డీ, ఆ పూర్వపు బకాయి కలిసి ఆస్తిని తలకెత్తుకొనుటకు వెనుకాడునట్లు చేయును. ప్రభుత్వము అప్పుడప్పుడు ప్రకటించు వడ్డీ మాఫీ సొమ్ము కట్టగలవానికి లాభకరమే. పంపకములు జరుగని అవిభక్త కుటుంబపు శిథిలగృహమునకు అది పనికిరాదు, కట్టవలసినవాడెవడో ముందుగా తేలవలెను గదా. ఎగవేతదారునకును, వారసత్వపు చిక్కులో ఉన్నవానికిని భేదము చూపని శాసనము అన్యాయమగును. కాపురమున్న పేదవాని యిల్లు ఎంత బకాయిపడినను ఈ విధానమునుండి పూర్తిగా మినహాయింపబడవలెనని నా నిశ్చితాభిప్రాయము. 2017లో నంద్యాల వీథుల విస్తరణ జరిగినప్పుడు నడుచుచున్న దుకాణముల ముందరి భాగములు కోల్పోయినవారి వేదన పట్టణమునకు ఎఱుకయే. మనుష్యులు లేని జాగాలను ముందుగా లెక్కించుకొన్నచో, మనుష్యులున్న జాగాలపై ఒత్తిడి కొంత తగ్గవచ్చును.

ఆళ్లగడ్డ స్థితి వేఱు. అహోబిల మార్గమునగల యీ పట్టణము గ్రామపంచాయతీనుండి పురపాలక ప్రతిపత్తికి వచ్చినది ఇటీవలనే గావున, పంచాయతీనాటి ఇంటిపన్ను రిజిస్టరులోని పేర్లకును పురపాలక అసెస్‌మెంటు నంబరులకును పొందిక కుదుర్చుటయే అచ్చట ప్రథమ కార్యము. ఆ పని ముగియకముందు ఏ స్థలమునైనను పాడుపడిన బకాయిస్థలముగా ప్రకటింపరాదు. ముగిసినపిమ్మట, విలువకట్టి మిగులు సొమ్మును వారసుల పేర న్యాయస్థానమున జమచేసి స్వీకరించిన జాగాలను, శిలలు దింపుకొనుటకు చోటు చాలక వీథి అంచుల చెక్కుకొను శిల్పకారులకు పనిశాలలుగా కేటాయించుట, నా దృష్టిలో, అమ్మి రాబడి చూపుటకంటె మేలు. ఆ కేటాయింపు కౌలు రూపమున నుండి, నిర్ణీతకాలములోపల వారసులెవరైనను వచ్చి బకాయి చెల్లించినచో వారికి తిరిగి హక్కు కలుగునట్లు నియమము వ్రాయవలెను.