బొగ్గుగనుల్లో పుట్టిన చాకో పై

రెండు మెత్తని బిస్కెట్లు, నడుమ తెల్లగా సాగే మార్ష్‌మాలో, చుట్టూ చాక్లెట్ పూత. షోలాపూర్‌లోని మన జోడ్‌భావి పేట్ కిరాణా దుకాణాల్లో చాకో పై అంటే పిల్లల తిండి. దాని పుట్టుకలో మాత్రం పిల్లల ఊసే లేదు. అది కష్టం చేసేవాళ్ల ఆకలి తీర్చడానికి పుట్టింది. అందుకే సాంచల (మరమగ్గాల) చప్పుడు మధ్య పెరిగిన మన పేట వాళ్లకు ఈ కథ చెప్పాలనిపించింది.

మొదట మార్ష్‌మాలో సంగతి. చిత్తడి నేలల్లో పెరిగే ఒక మొక్క వేరులోని జిగురును 19వ శతాబ్దపు ఫ్రాన్స్ మిఠాయిదారులు చక్కెర, గుడ్డు తెల్లసొనతో గిలక్కొట్టి నురగలాంటి మిఠాయి చేశారు. తర్వాత వేరు పోయి జెలటిన్ వచ్చింది. 1913లో అమెరికాలో నబిస్కో కంపెనీ బిస్కెట్ మీద మార్ష్‌మాలో పెట్టి, చాక్లెట్ పోసి మాలోమార్స్ తెచ్చింది. ఎండకు చాక్లెట్ కరుగుతుందని వేసవిలో వాటి అమ్మకం ఆపేసేవారు. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది మరి. షోలాపూర్ ఎండలు 40 దాటుతాయి.

అసలు మలుపు 1917లో వచ్చింది. చటనూగా బేకరీ తరఫున ఊరూరా తిరిగి సరుకు అమ్మే ఎర్ల్ మిచెల్, కెంటకీ బొగ్గుగనుల దగ్గర పనివాళ్లను ఏం తినాలనుందని అడిగాడట. మధ్యాహ్నం పని ఆపి తినే తీరిక లేదు, చేతిలో పట్టుకుని తింటే కడుపు నిండేది కావాలన్నారు. ఎంత పెద్దది అంటే, ఒకతను పైకొస్తున్న చంద్రుణ్ణి రెండు చేతుల మధ్య ఇరికించి చూపించాడట. ఇది కంపెనీ వాళ్లు చెప్పుకునే కథ. బిస్కెట్ల నడుమ మార్ష్‌మాలో పెట్టి చాక్లెట్ పూసిన ఆ తిండికి పేరు మాత్రం మూన్ పై అనే నిలిచింది. ఐదు సెంట్లకు దొరికే ఆ తిండి అమెరికా దక్షిణ ప్రాంతపు కూలీల సొంతమైంది. జొన్నరొట్టె, షేంగా చట్నీ మూటగట్టుకుని కార్ఖానాకు పోయిన మన పెద్దలకు ఆ గనివాళ్ల అవసరం విడమరిచి చెప్పక్కర్లేదు.

1970ల్లో అమెరికా వెళ్లిన ఒక కొరియా కంపెనీ ఉద్యోగి ఇలాంటి తిండే రుచి చూశాడు. 1974లో ఆ కంపెనీ నుంచి ఓరియన్ చాకో పై వచ్చింది. ఐదేళ్లకు లోటె కంపెనీ అదే పేరుతో తన సరుకు దించింది. తర్వాత తగువు కోర్టుకెక్కింది. చాకో పై అనేది అందరి వాడుకలో కలిసిపోయిన మాట, ఎవరైనా పెట్టుకోవచ్చని కోర్టు తేల్చింది.

ఈ చరిత్రలో నా మనసును బాగా పట్టింది కేసాంగ్. ఉత్తర కొరియా గడ్డ మీద దక్షిణ కొరియా కంపెనీలు 2004 నుంచి నడిపిన పారిశ్రామికవాడ అది. బట్టలు, కుట్టుపని అక్కడ ముఖ్యం. 50 వేలకు పైగా పనివాళ్లు, ఎక్కువమంది ఆడవాళ్లు. వాళ్ల చేతికి నేరుగా డబ్బిచ్చే వీలు కంపెనీలకు లేదు. బోనస్ బదులు చాకో పైలు పంచారు. తినకుండా దాచి ఇంటికి తీసుకుపోయేవాళ్లు, సంతలో అమ్ముకునేవాళ్లు. చివరికి అవి అక్కడ డబ్బులా చెల్లాయి. 2014లో ఉత్తర కొరియా ఆ పంపకాన్ని ఆపించింది. 2016లో వాడే మూతపడింది. తీపి తిండి కూలిగా మారడం నాకు బాధ కలిగిస్తుంది. చుట్టిన బీడీలు బాగా లేవని తీసేసి కూలి కోసే లెక్క ఎరిగిన మన పేట ఆడవాళ్లకు, చేతికందని డబ్బు అంటే ఏమిటో తెలుసు.

మన దేశానికి దీన్ని తెచ్చింది లోటె. 2004లో కాఫీ బైట్ చేసే ప్యారీస్ మిఠాయి కంపెనీని కొని, 2010లో చెన్నైలో, 2015లో రోహ్‌తక్‌లో చాకో పై ఫ్యాక్టరీలు పెట్టింది. జెలటిన్ జంతువుల నుంచి వస్తుంది కాబట్టి ఇక్కడ అది లేకుండా చేసి శాకాహారమని తెలిపే పచ్చచుక్క వేశారు. శ్రావణమాసంలో నీసు ముట్టని ఇళ్లు మన పేటలో ఎన్నో. ఆ చుక్క లేకుంటే ఆ గడపలు దాటి లోపలికి వచ్చేది కాదు.

ముందుగా కనిపెట్టిన ఓరియన్ 2021లో గానీ రాజస్థాన్‌లో ఫ్యాక్టరీ తెరవలేదు. అప్పటికే చాకో పై అనగానే ఇక్కడివాళ్లకు లోటె డబ్బాయే గుర్తొచ్చేది.