పెద్దలు కూర్చునే రాళ్లు



మన పల్లెల్లో ముసలివాళ్లు ఇప్పుడు ఎక్కడ కూర్చుంటున్నారు? ఈ సంచికలో మిమ్మల్ని మేము అడిగే ప్రశ్న ఇదొక్కటే. జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్దాం.

నేటి ఒడిశాలోని కోరాపుట్ ప్రాంతం 1936 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో, మన విశాఖపట్నం ఏజెన్సీలోనే ఉండేది. ఆ ఏడు మధ్యలో రాష్ట్ర సరిహద్దు వచ్చింది. గదబలు మాత్రం నేటికీ అటూ ఇటూ ఉన్నారు.

కోరాపుట్ వైపు గదబ పల్లెల నడుమ 'సదర్' అనే రాళ్ల గుంపు ఉంటుంది. కొన్ని రాళ్లు నిలువుగా నాటి, కొన్ని కూర్చోవడానికి వీలుగా పరుస్తారు. ఊరి పెద్దలు కూడేది అక్కడే. బొండాలు తమ రాతి అరుగును 'సిందిబోర్' అంటారు. హైమెండార్ఫ్ 1943లో వచ్చిన వ్యాసంలో గదబలు, బొండాల రాతి ఆచారాలను వివరించారు. వెరియర్ ఎల్విన్ బొండాలపై రాసిన పుస్తకం 1950లో వెలువడింది.

అవి ఉత్త రాళ్లు కావు. 'గోతర్' కర్మలో చనిపోయినవారి పేరిట రాళ్లు నిలుపుతారు. అక్కడ కూర్చున్న తాత తన తాతముత్తాతల సరసన కూర్చున్నట్టే. పైగా అది ఊరి నడిబొడ్డు. నీళ్లకు వెళ్లేవారు, పొలం నుంచి వచ్చేవారు పలకరించకుండా పోలేరు. ఒంటరితనానికి మందు అనుకుని ఎవరూ ఆ రాళ్లు వేయలేదు. అయినా ఆ పని అవి చేశాయి.

ఒక లోటు కూడా చెప్పుకోవాలి. ఆ కొలువులో మాట చెల్లింది ఎక్కువగా మగ పెద్దలకే. అవ్వలకూ సమానమైన చోటు ఇవ్వడం మన తరం పని.

ఇప్పుడు పిల్లలు హాస్టళ్లలో, పెద్దపిల్లలు పట్నంలో, మిగిలినవారు కాఫీ తోటల్లో. పగలు ఇంటి దగ్గర ముసలివారు, కోళ్లు మిగులుతున్నారు. ఊళ్లో కొత్త భవనం లేస్తుంది, కానీ ఊరి చివర. దానికి ఎత్తు మెట్లు, తలుపుకు తాళం. మోకాళ్ల నొప్పులున్న అవ్వ అక్కడికి ఎలా వెళ్తుంది?

కాబట్టి గ్రామసభలో భవనం మాట వచ్చినప్పుడు మీరు నోరు విప్పండి. ఊరి నడుమ, చెట్టు నీడలో, దారి పక్కన, నీళ్లకు దగ్గరగా, ఆనుకోవడానికి వీలున్న తక్కువ ఎత్తు అరుగు అడగండి. ఎక్కడ కట్టాలో ముందు అవ్వనూ తాతనూ అడగండి.

కట్టాక మీరూ వెళ్లి కూర్చోండి. పక్కన మనిషి లేకపోతే ఎంత మంచి అరుగైనా రాయే.