వేలిముద్ర నుంచి 'అంగీకరిస్తున్నాను' దాకా: మన కొండల్లో అప్పు చరిత్ర



మన సంచికల్లో థింసా గురించి, కందికొత్తల పండగ గురించి, అమరుల గురించి రాసుకుంటూ వస్తున్నాం. ఈసారి మేము అప్పు గురించి రాస్తున్నాం. పండగ సంచికలో అప్పు మాటేమిటని అనుకోవద్దు. మన భూములు ఎలా పోయాయో, మన తాతలు ఎందుకు తిరగబడ్డారో తెలియాలంటే ముందు అప్పు కథ తెలియాలి. ఆ కథ అయిపోలేదు కూడా. ఇప్పుడు అది మీ ఫోన్లలో నడుస్తోంది.

ఇది రాయాలని మాకు అనిపించడానికి కారణం ఒక ఫోన్ కాల్. మా హాస్టల్లో పదో తరగతి చదివి, తర్వాత హైదరాబాద్‌లో పనికి కుదిరిన ఒక అబ్బాయి గురించి ఎవరో అపరిచితుడు మాకు ఫోన్ చేశాడు. "మీవాడు దొంగ, డబ్బు ఎగ్గొట్టాడు" అన్నాడు. వెంటనే ఆ అబ్బాయి ముఖం అతికించిన అసహ్యమైన ఫొటో ఒకటి పంపాడు. అబ్బాయి ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ అదే ఫొటో వెళ్లింది. మేము వెంటనే అబ్బాయికి ఫోన్ చేసి తిట్టాం. అది మా తప్పు. ఆ తర్వాత రెండు వారాలు వాడు ఎవరి ఫోనూ ఎత్తలేదు. ఆ రెండు వారాలు వాళ్ల అమ్మా మేమూ ఎలా గడిపామో మాకే తెలుసు.

వాడు దొరికాడు. అప్పు నుంచి బయటపడ్డాడు కూడా. అదెలాగో చెప్పేముందు నూరేళ్లు వెనక్కి వెళ్దాం.

ఆకలి నెలల అప్పు

మన సవర, జాతాపు ఊళ్లలో పెద్దవాళ్లను అడగండి. పోడు విత్తింది మొదలు కొత్త పంట వచ్చేదాకా ఇళ్లలో గింజ ఉండేది కాదు. చోడి అంబలి అయిపోతే మామిడి టెంక అంబలి, అదీ లేకపోతే జీలుగు పిండి. ఆ నెలల్లో గింజలిచ్చేది షావుకారు ఒక్కడే. కుంచం ఇచ్చి, కోతలకు కుంచంన్నర కొలిపించుకునేవాడు. కొన్నిచోట్ల రెండు కుంచాలు. పంట తక్కువైతే మిగిలిన బాకీ అసలులో కలిసేది. చింతపండు, పసుపు, అడ్డాకులు అతనికే పోయాలి. ధర అతనిది, కాటా అతనిది, లెక్కల పుస్తకమూ అతనిదే. మనవాళ్లది బొటనవేలు మాత్రమే.

మా ఇళ్లలో అమ్మమ్మలు గోడ మీద బొగ్గుతో గీతలు గీసి పెట్టుకునేవారు. ఇచ్చిన ఒక్కో కుంచానికి ఒక్కో గీత. కానీ తగువు వస్తే కచేరీలో చెల్లేది గోడ కాదు, షావుకారు పుస్తకం.

అప్పు తీరకపోతే ముందు పశువు పోయేది, తర్వాత భూమి. అవీ లేనివాడు కంబారిగా చేరేవాడు. విశాఖ, కోరాపుట్ కొండల్లో దీన్నే 'గోతి' అన్నారు. అప్పు తీరేదాకా ఇచ్చినవాడి దగ్గర పని చేయాలి. తండ్రి తీర్చలేకపోతే కొడుకు చేయాలి. తెలుగు చెవికి ఆ మాట గొయ్యిలాగే వినిపిస్తుంది. పనీ అలాంటిదే.

తిరుగుబాట్లు, చట్టాలు

1879లో రంప కొండల్లో పితూరీ లేచింది. కల్లు మీద వేసిన పన్ను, ముఠాదార్ల దగ్గర నుంచి మన్సబుదారు చేసిన వసూళ్లు దానికి కారణాలని చదువుకున్నాం. ఇంకో కారణం ఉంది. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు కోర్టుల్లో ఏకపక్షంగా డిక్రీలు తెచ్చుకుని, ఐదు రూపాయల అప్పుకు వంద రూపాయల సొత్తు తోలుకుపోయారని అప్పటి ప్రభుత్వ విచారణలోనే బయటపడింది. కోర్టు ఎక్కడుందో, డిక్రీ అంటే ఏమిటో కొండవాళ్లకు తెలియదు. తెలిసేది పశువును తోలుకుపోయే రోజే.

1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం తెచ్చింది. గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలకు అది వర్తించింది. అందులోని భూమి నిబంధన గురించి అందరూ చెబుతారు. ప్రభుత్వ ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతివారి భూమి ఇతరులకు పోకూడదనేది ఆ నిబంధన. అదే చట్టంలో వడ్డీ గురించి చెప్పిన మూడు ముక్కలు మాత్రం మనలో చాలామందికి తెలియవు. కొండజాతివారి అప్పు మీద ఏడాదికి నూటికి 24 కంటే ఎక్కువ వడ్డీ చెల్లదు. చక్రవడ్డీ చెల్లదు. మొత్తం వడ్డీ ఎన్నేళ్లైనా అసలును మించకూడదు.

మూడోదాన్ని గుర్తుపెట్టుకోండి. ఇది మళ్లీ వస్తుంది.

1940లో ఏజెన్సీలో అప్పు వెట్టిని రద్దు చేస్తూ మద్రాసు ప్రభుత్వం మరో రెగ్యులేషన్ తెచ్చింది. 1959లో భూబదలాయింపు రెగ్యులేషన్, 1960లో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారానికి లైసెన్సు ఉండాలనే రెగ్యులేషన్ వచ్చాయి. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం దేశమంతటికీ వచ్చింది.

ఇన్ని చట్టాలున్నా అప్పు ఎందుకు పోలేదు? చట్టం కచేరీలో ఉంది, షావుకారు గుమ్మంలో ఉన్నాడు. ఆకలి నెలలో గింజలిచ్చే మరో చేయి లేనప్పుడు 24 వడ్డీ చట్టాన్ని చూపించి ఎవరు కొట్లాడతారు?

ఆ మరో చేయి కోసమే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పుట్టింది. మన జీసీసీ అదే. అటవీ ఫలసాయం కొనడం, డీఆర్ డిపోల్లో బియ్యం, ఉప్పు, కిరోసిన్ అమ్మడం, పంట రుణం ఇవ్వడం దాని పనులు. షావుకారు ఒక్కడే చేసే మూడు పనులను అతని చేతిలోంచి తీసుకోవాలన్నది ఆలోచన. అన్నిచోట్లా అది సకాలంలో చేరలేదు. అయినా కాటా ఇంకొకటి ఉందని మనవాళ్లకు తెలిసింది.

మన పార్వతీపురం కొండల్లో ఆ రోజుల్లోనే మరో పని జరిగింది. వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం బడిపంతుళ్లు. వాళ్లు గిరిజన సంఘాన్ని కూడగట్టారు. సంఘం అడిగినవి చూడండి: కంబార్లకు కూలి పెంచాలి, తాకట్టు భూములు తిరిగి ఇవ్వాలి, అన్యాయపు అప్పులు రద్దు చేయాలి, అడవి సరుకుకు ధర రావాలి. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్ సభకు వెళ్తున్న కోరన్న, మంగన్నలను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. ఆ తర్వాత శ్రీకాకుళం ఎటు నడిచిందో మీకు తెలుసు. ఆ పోరాటం గురించి భిన్నాభిప్రాయాలుండొచ్చు. దాని మొదటి పేజీలో మాత్రం అప్పు పుస్తకం ఉంది. 1970లో వచ్చిన ఒకటి ఆఫ్ డెబ్బైని ఆ వెలుగులోనే చదవాలి.

రూపాయి పొదుపు, వారం కిస్తీ

1990లలో మన అమ్మలు రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. డ్వాక్రా సంఘం అన్నాక పుస్తకం సంఘానిదే. నెలకోసారి చాప మీద కూర్చుని అందరి ముందూ లెక్క చదవాలి. ఎవరు ఎంత తీసుకున్నారో, ఎంత కట్టారో అందరికీ తెలుసు. అప్పు పుస్తకం మన చేతికి రావడం అదే మొదలు. మా హాస్టల్లో చేరిన చాలామంది ఆడపిల్లల పెట్టె, దుప్పటి సంఘం అప్పుతో కొన్నవే.

ఆ తర్వాత సూక్ష్మరుణ కంపెనీలు వచ్చాయి. వారం వారం కిస్తీ. కట్టలేకపోతే పక్కింటివాళ్లను తెచ్చి గుమ్మంలో కూర్చోబెట్టడం. ఒక కంపెనీ కిస్తీ కట్టడానికి ఇంకో కంపెనీ అప్పు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. తర్వాత అది చట్టమైంది. అందులో ఒక నిబంధన: వసూలు చేసే వడ్డీ అసలును మించకూడదు.

చూశారా? 1917లో కొండవాళ్ల కోసం రాసిన మాట 93 ఏళ్ల తర్వాత అందరి కోసం మళ్లీ రాయాల్సి వచ్చింది.

ఫోన్లోకి వచ్చిన షావుకారు

ఇప్పుడు మా అబ్బాయి లెక్క. యాప్‌లో 5,000 అప్పు అన్నారు. ప్రాసెసింగ్ ఫీజు పేరుతో ముందే 1,500 కోసుకుని చేతికి 3,500 వేశారు. ఏడు రోజుల్లో 5,000 కట్టాలి.

ఈ లెక్కను మేము హాస్టల్లో స్టడీ అవర్‌లో బోర్డు మీద వేశాం. 3,500 మీద 1917 చట్టం ఒప్పుకున్న గరిష్ఠ వడ్డీ, ఏడాదికి 24 చొప్పున, ఏడు రోజులకు ఎంత? పిల్లలు రెండుసార్లు చేసి చూసుకున్నారు. పదహారు రూపాయలు. యాప్ తీసుకున్నది 1,500. తెల్లదొరల కాలంలో రాసిన హద్దుకు దాదాపు తొంభై రెట్లు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె లేచి, "షావుకారే నయం కదా మేడమ్" అంది. నయం కాదు. ఇద్దరి పద్ధతీ ఒకటే.

అప్పుడు ఆకలి నెల, ఇప్పుడు జీతానికి ముందు వచ్చే చివరి వారం. అప్పుడు పుస్తకం షావుకారుది, ఇప్పుడు లెక్క యాప్‌ది. అప్పుడు తాకట్టు భూమి, ఇప్పుడు మన పరువు, మన ఫోన్లోని నంబర్లు. అప్పుడు చదవలేని కాగితం మీద బొటనవేలు వేశాం. ఇప్పుడు చదవగలిగి కూడా చదవకుండా 'అంగీకరిస్తున్నాను' మీద అదే బొటనవేలు నొక్కుతున్నాం.

ఈ యాప్‌ల వేధింపులపై 2020 డిసెంబర్‌లో తెలంగాణ పోలీసులు వరుసగా కేసులు పెట్టి అరెస్టులు చేశారు. 2022 సెప్టెంబర్‌లో రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పు సొమ్ము నేరుగా మన బ్యాంకు ఖాతాలో పడాలి. ఫీజులన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ముందే కాగితం మీద చూపాలి. యాప్ మన కాంటాక్టులు, ఫొటోలు, కాల్ వివరాలు ముట్టుకోకూడదు. వద్దనుకుంటే గడువులోపల అసలు, ఆ రోజుల వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడే అవకాశం ఇవ్వాలి.

వాడు ఎలా బయటపడ్డాడు

రెండు వారాల తర్వాత ఊరికొచ్చిన అబ్బాయిని కూర్చోబెట్టి ఒక నోటు పుస్తకం ఇచ్చాం. అడిగింది మూడే ప్రశ్నలు. చేతికి ఎంత వచ్చింది? ఇప్పటికి ఎంత కట్టావు? ఇంకా ఎంత అడుగుతున్నారు? ఐదు యాప్‌లు. చేతికి వచ్చింది 18,400. కట్టింది 31,000. ఇంకా అడుగుతున్నది 27,000. ఆ మూడు అంకెలూ రాశాక వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేను దొంగను కాదు కదా మేడమ్" అన్నాడు.

ఆ రోజే ఒక యాప్ బాకీకి ఇంకో యాప్‌లో తీసుకోవడం ఆపేశాడు. రాత్రి కూర్చుని చుట్టాలకూ స్నేహితులకూ తానే మెసేజ్ పెట్టాడు: "నేను అప్పు చేశాను, నన్ను బెదిరిస్తున్నారు, నా పేరుతో ఫొటోలు వస్తే నమ్మొద్దు, డబ్బు పంపొద్దు." వాళ్ల చేతిలో ఉన్న తాకట్టు పరువే కాబట్టి, ఆ మెసేజ్‌తో సగం బలం పోయింది. ఫొటోలు, బెదిరింపులు, కట్టిన రసీదులు దాచి 1930కి ఫోన్ చేశాడు. పోలీసు స్టేషన్‌లో కాగితం ఇచ్చాడు. ఐదింటిలో ఒక్కటే రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన సంస్థది. దాని బాకీ 6,000. వాళ్లమ్మ సంఘంలో అడిగితే చాప మీద కూర్చున్న ఆడవాళ్లు అరగంట తిట్టి అప్పిచ్చారు. పది నెలల్లో తీరింది. మిగతా నాలుగింటికి మళ్లీ పైసా కట్టలేదు. కొన్నాళ్లు ఫోన్లు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి.

ఇప్పుడు వాడు జీతం రాగానే 500 పక్కన పెడుతున్నాడు. నెలాఖరుకు చేయి చాచకుండా ఉండటానికి ఆ మాత్రం చాలని వాడి అనుభవం. నోటు పుస్తకం ఇంకా రాస్తున్నాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ నూరేళ్లలో అప్పు ఎప్పుడు వదిలిందో చూడండి. లెక్క మన చేతికి వచ్చినప్పుడు, నలుగురిలో చెప్పుకున్నప్పుడు, చట్టం తెలిసినప్పుడు. ఈ మూడూ కలిసిరానప్పుడు ఎంత మంచి చట్టమైనా కచేరీలోనే ఉండిపోయింది.

కాబట్టి అప్పు అవసరమైతే ముందు సంఘాన్ని, బ్యాంకును అడగండి. యాప్‌లో తీసుకోవాల్సే వస్తే దాని వెనక ఏ సంస్థ ఉందో, అది రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైందో లేదో చూడండి. కాంటాక్టులు అడిగిందంటే అక్కడే ఆగిపోండి. ఇప్పటికే చిక్కుకుని ఉంటే దాచుకోవద్దు. ఏ అప్పూ ప్రాణం కంటే పెద్దది కాదు. ఇంట్లో చెప్పలేకపోతే మీరు చదివిన హాస్టల్‌కు రండి. నోటు పుస్తకం మేమిస్తాం. ఈసారి తిట్టం.

జై ఆదివాసీ.