వెల లేని సాఫ్ట్‌వేర్‌కు విలువ కట్టిన చరిత్ర

వ్యక్తిగత కంప్యూటర్‌ను నడిపే మూల వ్యవస్థను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. ఆ వ్యవస్థ చేయలేని, లేదా అరకొరగా చేసి వదిలేసే చిన్న పనులను, అంటే ఫైళ్లను కుదించడం, పొరపాటున చెరిపిన వాటిని తిరిగి రాబట్టడం, డిస్కును శుభ్రపరచడం వంటి వాటిని పూర్తిచేసే సాఫ్ట్‌వేర్‌ను యుటిలిటీ అంటారు. 1982లో పీటర్ నార్టన్ విడుదల చేసిన నార్టన్ యుటిలిటీస్ డబ్బిచ్చి కొనవలసిన సరుకు కాగా, అదే ఏడాది అమెరికాలో ముందుగా వెల అడగని పంపిణీ పద్ధతి ఒకటి పుట్టి, తర్వాతి నాలుగు దశాబ్దాలలో పలుమార్లు రూపు మార్చుకుంది. ఈ సాఫ్ట్‌వేర్ ఖర్చును ఎవరు భరిస్తున్నారన్నది మారినప్పుడల్లా, సామాన్య వినియోగదారులు దానిని బేరీజు వేయవలసిన కొలమానం కూడా మారుతూ వచ్చింది.

తొలి దశలో ఆ భారం వాడినవారి మనస్సాక్షిపై ఉండేది. పత్రికా సంపాదకుడు ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ మోడెమ్ ద్వారా కంప్యూటర్లను కలిపే పీసీ-టాక్‌ను, ఐబీఎం ఉద్యోగి జిమ్ నాఫ్ సమాచారాన్ని జాబితాలుగా భద్రపరిచే పీసీ-ఫైల్‌ను 1982లో ఇదే షరతుతో వదిలారు: ఎవరైనా నకలు తీసుకోవచ్చు, నచ్చితే రచయితకు కొద్ది మొత్తం పంపవచ్చు. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ వదిలి వచ్చిన బాబ్ వాలెస్ పీసీ-రైట్ ఫ్లాపీని 10 డాలర్లకు ఇచ్చి, నచ్చినవారిని 75 డాలర్లతో నమోదు చేసుకోమన్నాడు. షేర్‌వేర్ అనే పేరుతో స్థిరపడిన ఈ ఏర్పాటులో వాడి చూడడమే పరీక్ష, డబ్బు పంపడమే తీర్పు. నాసిరకం ప్రోగ్రాము రచయితకు పైసా దక్కదు కనుక, అతని ప్రయోజనమూ వినియోగదారుల ప్రయోజనమూ ఒకే వైపు నిలిచాయి.

ఆ పరీక్ష ఎంత నిక్కచ్చిగా సాగేదో ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్ చరిత్ర చూపుతుంది. టెలిఫోన్ తీగ మీదుగా ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే బులెటిన్ బోర్డులలో ప్రతి నిమిషానికీ ఖర్చు ఉండడంతో, ఎక్కువ కుదించి తక్కువ సమయం తీసుకునే సాధనానికే ఆదరణ దక్కింది. 1985 నుంచి ఆ రంగాన్ని ఏలిన ఆర్క్ కంటే ఫిల్ కాట్జ్ రాసిన పీకేఆర్క్ వేగంగా పనిచేయడంతో వినియోగదారులు దానివైపు మళ్లారు. ఆర్క్ యజమాని సంస్థ 1988లో దావా వేయగా, రాజీ తర్వాత కాట్జ్ కొత్త పద్ధతిలో పీకేజిప్‌ను 1989లో విడుదల చేసి, జిప్ ఫార్మాట్ వివరాలను, అంటే ఫైలు లోపలి అమరికను, ఎవరైనా వాడుకునేలా బహిరంగపరిచాడు. కాట్జ్ 2000లో మరణించినా జిప్ ఫైళ్లు నేటికీ ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకోవడానికి కారణం అదే. సాధనం నిలిచిపోయినా దానితో దాచుకున్న సమాచారం చేజారకుండా ఉంటుందా అన్న ప్రశ్న ఆ విధంగా వేగం, పరిమాణాల సరసన చేరింది.

1990లలో ఇంటర్నెట్ వ్యాపించాక, తీర్పు చెప్పే పని మధ్యవర్తుల చేతికి పోయింది. 1993లో అమెరికాలోని ఫ్లింట్ పట్టణంలో మొదలైన టూకౌస్ సైటు నక్షత్రాలకు బదులు ఆవు బొమ్మలతో ప్రోగ్రాములకు స్థాయి నిర్ణయించేది. 1996లో సీనెట్ సంస్థ డౌన్‌లోడ్.కామ్‌ను ప్రారంభించింది. కనెక్షన్లు నత్తనడక నడిచిన భారతదేశంలో పీసీక్వెస్ట్, డిజిట్ పత్రికలతో వచ్చే సీడీలు ఈ ఎంపిక బాధ్యతను మోయగా, తెలుగులో కంప్యూటర్ ఎరా మాసపత్రిక ఇటువంటి సాధనాలను పాఠకులకు పరిచయం చేసింది. అయితే ప్రకటనల ఆదాయంతో నడిచే కేటలాగులకు పరిశీలన కంటే సంఖ్య ముఖ్యమైంది. 2007లో బ్రిటన్ డెవలపర్ ఆండీ బ్రైస్, ఏ పనీ చేయదని రాసి ఉన్న టెక్స్ట్ ఫైలుకే ప్రోగ్రాము వేషం వేసి వెయ్యికి పైగా సైట్లకు పంపగా, నడవనైనా నడవని ఆ ఫైలుకు 16 అవార్డులు లభించాయి.

తర్వాత భారం కనబడకుండా వినియోగదారుల మీదికే వచ్చింది. అడగని ప్రకటనలను చూపే యాడ్‌వేర్, వాడకాన్ని రహస్యంగా గమనించే స్పైవేర్ ఉచిత సాఫ్ట్‌వేర్ వెంట రాసాగాయి. 2011లో డౌన్‌లోడ్.కామ్ ఎన్‌మ్యాప్ అనే నెట్‌వర్క్ సాధనాన్ని అదనపు సరుకుతో కూడిన తన సొంత ఇన్‌స్టాలర్‌లో చుట్టి ఇవ్వడాన్ని దాని రచయిత బహిరంగంగా ఖండించాడు. 2015లో సాఫ్ట్‌వేర్ పంపిణీ సైటు సోర్స్‌ఫోర్జ్ గింప్ అనే చిత్రాల సాఫ్ట్‌వేర్ విషయంలో ఇటువంటి ఆరోపణనే ఎదుర్కొని, మరుసటి ఏడాది కొత్త యాజమాన్యం కింద ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది. రెండు సందర్భాలలోనూ సాఫ్ట్‌వేర్ మంచిదే, దారి చెడ్డది. కనుక ఏది తెచ్చుకోవాలన్న దానితో సమానంగా ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్నదీ మూల్యాంకనంలో భాగమైంది.

రచయిత సొంత సైటూ పూర్తి రక్షణ కాదని 2017లో తేలింది. డిస్కులోని వృథా ఫైళ్లను తొలగించే సీక్లీనర్ తయారీ సంస్థ పిరిఫార్మ్‌ను ఆ జూలైలో యాంటీవైరస్ సంస్థ అవాస్ట్ కొనుగోలు చేసింది; అంతకు ముందే సంస్థ కంప్యూటర్లలోకి చొరబడినవారు ఆగస్టులో విడుదలైన 5.33 వెర్షన్‌లో హానికర కోడ్‌ను చేర్చారు. తయారీదారును ధ్రువీకరించే డిజిటల్ సంతకం సక్రమంగానే ఉండడంతో, సెప్టెంబరులో గుట్టు బయటపడేలోగా ఆ వెర్షన్ సుమారు 22.7 లక్షల మందికి చేరింది.

ఈలోగా ఆపరేటింగ్ సిస్టమే యుటిలిటీల పనులను ఒక్కొక్కటిగా తనలో కలుపుకుంది. విండోస్ ఎక్స్‌పీ నాటికి జిప్ ఫైళ్లను తెరవడం, 2012 నాటి విండోస్ 8లో వైరస్ రక్షణ అదనపు సాధనం లేకుండానే సమకూరాయి. విండోస్ అమరికలను భద్రపరిచే రిజిస్ట్రీని శుభ్రం చేస్తామనే సాధనాల వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అందువల్ల నేటి మూల్యాంకనం ఆ పని చేసుకోవడానికి వేరే సాధనం కావాలా అన్న ప్రశ్నతో మొదలు కావాలి. కావాలంటే, దానిని ఇప్పుడు పోషిస్తున్నది ఎవరో తెలుసుకోవాలి. యాజమాన్యం, ఆదాయమార్గం, పంపిణీ దారి ఏ రోజైనా మారగలవు కనుక, ఒకనాడు మంచిదని తేల్చిన సాధనాన్ని మళ్లీ మళ్లీ పరీక్షించడమే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు వినియోగదారులు చెల్లించవలసిన వెల.