చెయెన్ గాలి - తొలి తుఫాను సూచన

వార్తలు ముగిసిన పిమ్మట వినవచ్చు వాతావరణ సూచనను మనలో పెక్కుమంది పెడచెవిని పెట్టుదుము. ఆకాశము మేఘావృతమై యుండునను వాక్యమునకు చెవియొగ్గువారు రైతులును, సముద్రము మీదికి పోవు పల్లెవారును, ఇంట పెండ్లి పెట్టుకొన్నవారును మాత్రమే. కాని ఆ ఒక్క వాక్యమును చెప్పగలుగుటకు మానవునకు ఎంతకాలము పట్టినదో, దానికొరకు ఎవరెవరు ఏయే చోటుల నిలిచి గాలిని కొలిచిరో తలచుకొన్నచో, అది అంత తేలికగ త్రోసివేయదగినది కాదని తోచును. మేమిచట చెప్పబూనినది అట్టి ఒక చోటును గూర్చి. అది అమెరికా సంయుక్త రాష్ట్రములలో వయోమింగ్ రాష్ట్రమునకు రాజధానియైన చెయెన్ పట్టణము.

మిసిసిపీ నది దాటి పడమరకు పోవుకొలది అమెరికా భూమి కంటికి తెలియకుండనే పైకి లేచుచు పోవును. ఎక్కుచున్నామను భావమే బాటసారికి కలుగదు. అయినను చెయెన్ చేరునప్పటికి సముద్రమట్టమునకు 6,000 అడుగుల పైన నిలిచియుండును. మన హార్సిలీ కొండ శిఖరము కంటె అది మిక్కిలి ఎత్తు. చూచుటకు మాత్రము గడ్డి మొలచిన బల్లపరుపు నేల. చెట్టు అరుదు, చాటు లేదు. పడమటి దిక్కున లారమీ కొండలు గోడవలె నిలిచియుండును. వాని వెనుక రాకీ పర్వతముల పెద్ద వరుసలు. 1867లో తూర్పు పడమరలను కలుపు రైలుమార్గము ఈ కొండలను ఎక్కబోవుటకు ముందు ఆగిన మజిలీయే ఈ ఊరు. ఆ యేడు నవంబరు 13వ తేదీన పట్టాలు అచ్చటికి చేరెను. ఊరికి పెట్టిన పేరు చెయెన్ అను ఆదివాసి జాతివారిది. నేల వారి చేయి జారి, పేరు మాత్రము నిలిచినది.

శరదృతువు చివరిదినములలో ఈ పట్టణపు వాతావరణమును ముందుగ చెప్పుట ఎంత కష్టమో చూడుడు. ఇచటికి రెండు విధములైన గాలులు వచ్చును. ఒకటి పడమటి గాలి. పసిఫిక్ సముద్రమునుండి వచ్చు తేమగాలి కొండల ఆవలివైపున ఎక్కుచు తన నీటిని వానగను మంచుగను అచ్చటనే విడిచి, పొడియై ఈవలకు దిగును. దిగు గాలి నొక్కబడి వేడెక్కును. ప్రతి 1,000 అడుగుల దిగుడునకును సుమారు 3 డిగ్రీల సెంటీగ్రేడు చొప్పున. దీనినే చినూక్ అందురు. మంచును తినివేయు గాలియని దీనికి మరియొక వాడుక. ఇది చేయు చిత్రములకు మితి లేదు. ఈ మైదానములకు ఉత్తరముగ, బ్లాక్ హిల్స్ అను కొండల మొదలనున్న స్పియర్‌ఫిష్ అను ఊరిలో 1943 జనవరి 22న రెండు నిమిషములలో ఉష్ణోగ్రత 27 డిగ్రీలు పెరిగెను. సున్నకు 20 డిగ్రీలు దిగువనుండి 7 డిగ్రీల ఎగువకు! కొంతసేపటికి అది మరల పడిపోయెను.

రెండవది తూర్పుగాలి. కొండలు పడమట నున్నవి గావున మంచు ఆ దిక్కునుండియే వచ్చునని మనము ఊహింతుము. అది పొరపాటు. చెయెన్‌లో పెద్దమంచు తరచుగ పడునది తూర్పుగాలి వీచినప్పుడే. దక్షిణమున కొలరాడో ప్రాంతమున అల్పపీడనమేర్పడినచో గాలి తూర్పునుండి మైదానపు వాలును ఎక్కుచు వచ్చును; ఎక్కుకొలది చల్లబడి తన తేమనంతయు ఈ పట్టణము మీద కుమ్మరించును. అనగా ఒకే వారములో ఒకనాడు చొక్కాతో తిరుగవచ్చును, మరునాడు వాకిలి తీయుటకు పార పట్టవలసి యుండును. ఏ గాలి గెలుచునన్నది ఆ అల్పపీడనము ఏబది మైళ్ళు ఇటు పోవునా అటు పోవునా అను దానిపై ఆధారపడి యుండును.

ఇట్టి చోటున 1870 నవంబరు 1వ తేదీన ఒక సార్జెంటు లేచి బారోమీటరు చూచెను. ఆ కథకు ముందు కొంత చెప్పవలసి యున్నది.

వాతావరణము ఒక చోటినుండి మరియొక చోటికి నడచి పోవునని పెద్దలు ఎరుగనిది కాదు. కాని గుఱ్ఱము కంటె గాలి వేగముగ పోవునపుడు, వచ్చుచున్నదని చెప్పువాడు గాలి వెనుకనే చేరును గదా. తంతి వచ్చినపిదప ఈ చిక్కు తీరెను. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు అధిపతియైన జోసెఫ్ హెన్రీ 1849 నుండి తంతి గుమాస్తాల ద్వారమున పలుచోటుల వాతావరణ సమాచారమును సేకరింప మొదలిడెను. అంతర్యుద్ధము వచ్చి ఆ పనిని చెదరగొట్టెను.

దానిని మరల లేవనెత్తినవాడు ఇన్‌క్రీజ్ లాఫమ్. కాలువల త్రవ్వకములో పనిచేయుచు శాస్త్రమును తనంతట తాను నేర్చినవాడు, మిల్వాకీ నగరవాసి. ఆ నగరము మహాసరస్సుల ఒడ్డున నున్నది. ఆ సరస్సులు పేరునకే సరస్సులు, తీరునకు సముద్రములు. 1868, 1869 రెండేండ్లలో వానిపై తుఫానుల వలన 3,000కు మించిన నౌకలు మునుగుటయో దెబ్బతినుటయో జరిగెను. 500 మందికి పైగా చనిపోయిరి. లాఫమ్ ఈ నష్టముల పట్టికను 1869 డిసెంబరులో తమ ప్రాంతపు శాసనసభ్యుడైన హాల్బర్ట్ పెయిన్‌కు పంపి, ముందుగ తంతి కొట్టినచో ఈ ప్రాణములు నిలుచునుగదా అని అడిగెను. పెయిన్ సభలో తీర్మానము తెచ్చెను. 1870 ఫిబ్రవరి 9న అధ్యక్షుడు గ్రాంట్ దానిపై సంతకము చేసెను. పనిని సైన్యమునకు అప్పగించిరి. విద్వాంసులకు తెలివి యుండవచ్చును గాని, తెల్లవారుజామున చలిలో లేచి గడియారము తప్పక కొలత తీసికొనుటకు సిపాయియే తగునని వారు తలచిరి కాబోలు! ఆ తలపు తప్పని మాకు తోచదు.

సైన్యపు సంకేత శాఖవారు మొదట 24 కేంద్రములు పెట్టిరి. వానిలో చెయెన్ ఒకటి. నవంబరు 1వ తేదీ ఉదయము 7 గంటల 35 నిమిషములకు అన్ని చోటులను ఒక్కసారిగ చూడవలెనని ఉత్తరువు. ఆ గంట వాషింగ్టన్ గంట. చెయెన్‌లో సూర్యుని బట్టి చూచినచో అప్పటికి ఆరు కూడ కొట్టలేదు; తెల్లవారలేదు. లాంతరు వెలుతురులోనే అతడు అంకెలు చూచి యుండవలెను. ఆ అంకెలను తంతిఖర్చు తగ్గుటకై సంకేతపదములుగ మార్చి పంపుచుండిరి. అందరు ఒకే క్షణమున చూచుటయే ఇందలి ప్రాణము. వేర్వేరు వేళల చూచిన వేయి కొలతలు కలిపినను పటము కాదు.

వారము తిరిగెను. నవంబరు 8వ తేదీన షికాగోలో లాఫమ్ తంతులు ముందు పెట్టుకొని కూర్చుండెను. చెయెన్‌లోను, దానికి దాదాపు 500 మైళ్ళు తూర్పుననున్న ఓమహాలోను నిన్న దినమంతయు పెనుగాలి వీచినది. ఓమహాలో ఈ ఉదయము అది మరింత హెచ్చినది. షికాగో, మిల్వాకీలలో బారోమీటరు దిగుచున్నది. ఈ మూడు మాటలను కలిపి ఆయన సరస్సుల పొడవునను పెనుగాలి రావచ్చునని రేవులకు హెచ్చరిక పంపెను. ఆ దేశపు ప్రభుత్వ సేవ ప్రకటించిన మొదటి తుఫాను హెచ్చరిక అదియే. అందు మొట్టమొదట నిలిచిన పేరు, నీటిచుక్కకు కరవైన ఆ మెట్టభూమి పట్టణము పేరు. దాదాపు 900 మైళ్ళ దూరమున పడవ నడుపువాని కొరకు గడ్డిమైదానములో ఒకడు గాలిని కొలిచెను. వారిద్దరును ఒకరినొకరు ఎన్నడును చూచియుండరు.

ఇచట మన బందరు ఉప్పెన తలపునకు రాక మానదు. అది 1864 నవంబరు 1. సరిగా ఆరేండ్ల ముందటి తేదీ. సుమారు 30,000 మందిని సముద్రము పొట్టన పెట్టుకొన్నది. ముందుగ కబురు చెప్పు ఏర్పాటు నాడు మన తీరమున లేదు. భారత వాతావరణ శాఖ వెలసినది 1875లో.

చెయెన్ గాలి సరస్సులకు కబురెట్లు అయినదో లాఫమ్ నాటికి పూర్తిగ తెలియదు. గాలి పడమటినుండి తూర్పునకు నడచునని మాత్రము తెలియును. కొండలను దాటి దిగు వాయురాశి నిలువుగ సాగును. సాగినదానికి సుడి హెచ్చును. అందుచేతనే రాకీ పర్వతముల తూర్పు పాదము అల్పపీడనములకు పుట్టినిల్లు. అచట పుట్టినవి ఉత్తరపు చలిగాలిని, దక్షిణపు తేమను లాగుకొనుచు ఈశాన్యముగ సాగి సరస్సుల మీదికి పోవును. నవంబరులో సరస్సుల నీరు ఇంకను వెచ్చగనే యుండుటచే తుఫానునకు బలము చేకూరును. 1913 నవంబరులో ఆ సరస్సులపై వచ్చిన తుఫాను 250 మందికి పైగా నావికులను మ్రింగెను.

మరి చెయెన్ మాట యేమి? తన గాలిని ఇతరులకు చెప్పిన ఊరికి తన గాలిని ముందుగ చెప్పువారెవరు? పడమట కొండలు, వాని ఆవల కేంద్రములు నాడు అరుదు. 1871 ఫిబ్రవరిలో క్లీవ్‌లండ్ ఆబీ అను శాస్త్రజ్ఞుడు సంకేత శాఖ పక్షమున దినదినము సూచనలు వ్రాయ మొదలిడెను. వానికి ఆయన పెట్టిన పేరు ‘సంభావ్యములు’. జరుగునని కాదు, జరుగవచ్చునని. ఆ వినయము మాకు నచ్చినది. కాని అవి ఒక దినమునకు మించి చూడలేకపోయెను.

ఆ ఒక్క దినము ఎవరికి చాలునన్నదే అసలు ప్రశ్న. పడవవాడు హెచ్చరిక విని రేవులో ఆగగలడు. పశువులను కంచె లేని మైదానములో వేలకొలది విడిచినవాడు ఏమి చేయగలడు? 1880ల నాటికి చెయెన్ పశువుల వ్యాపారమునకు రాజధాని. స్కాట్లండు, ఇంగ్లండుల సొమ్ము అచ్చటికి ప్రవహించెను. 1886 వేసవి ఎండి గడ్డి మాడిపోయెను. నవంబరులోనే మంచు పట్టెను. నడుమ ఒక వెచ్చని గాలి వచ్చి మంచును కొంత కరగించి పోగా, అది మరల గడ్డకట్టి గాజుపలకవలె గడ్డిని కప్పెను. మంచును తినునని పేరుగన్న గాలియే పశువుల నోటికి తాళము వేసినది. 1887 జనవరి చివర మహాతుఫాను తక్కినది పూర్తిచేసెను. వసంతమున లోయలనిండ కళేబరములే. మోంటానాలో చార్లీ రస్సెల్ అను పశువుల కాపరి, బక్కచిక్కి మంచులో నిలిచిన ఒక పశువు బొమ్మను చిన్న అట్టముక్కపై గీసెను. చినూక్ కొరకు ఎదురుచూపు అని దానికి పేరు. చెయెన్‌లో పేరుమోసిన అలెగ్జాండర్ స్వాన్ ఆ యేడే దివాలా తీసెను. ఆ పిదప మైదానపు కాపులు నేర్చినది శాస్త్రము కాదు. చలికాలమునకు ఎండుగడ్డి కోసి కుప్పవేయుట, పొలములకు కంచెలు కట్టుట. గడ్డివామి యున్నవానికే రేపటి సూచన పనికివచ్చునని వారికి తెలిసినది.

తరువాతి కథ మీరు కొంత ఎరిగినదే. 1930లలో రేడియో కట్టిన బెలూనులు పైగాలిని కొలువసాగెను. 1950లలో కంప్యూటర్లు లెక్కకట్టసాగెను. 1960 ఏప్రిలులో తొలి వాతావరణ ఉపగ్రహము మేఘములను పైనుండి చూచెను. కొండల ఆవలివైపు ఇక చీకటి కాదు. అయినను తూర్పుగాలి కథ మారలేదు. 1979 నవంబరు 20, 21 తేదీలలో చెయెన్ పై రెండడుగులకు మించి మంచు పడెను.

నేడు చెయెన్‌లోని వాతావరణ కార్యాలయమువారు శరత్తు చివర గాలిహెచ్చరిక వ్రాయుటకు ముందు కొలరాడోలోని క్రెయిగ్, వయోమింగ్‌లోని కాస్పర్ అను రెండూళ్ళ పైని వాయుపీడనపు తేడాను చూతురు. ఆ తేడా ఒక మేరకు మించినచో కొండల సందులనుండి గాలి విరుచుకొని పడునని వారి అనుభవము. అప్పుడు నాటి రైలుదారి వెంబడినే పోవు పెద్దరహదారిపై, సరకు లేని ఎత్తైన లారీలు రాగూడదని ప్రకటన వెలువడును. రోడ్డుకు అడ్డముగ గేటు దింపుదురు. డ్రైవర్లు ఊరిబయట లారీలను వరుసగ నిలిపి, ఇంజను ఆపక, గాలి తగ్గువరకు వేచియుందురు.